కూలా, పారితోషికమా?

ఈమధ్య ఒక కళాశాలలో విద్యార్థులకోసం పెట్టిన సదస్సుకు వెళ్ళాను. రచనను వృత్తిగా చేసుకోవటం ఎలా అన్నది విషయం. వచ్చిన వక్త చదువుకున్నవాడే, మాటకారి కూడాను. ఉద్యోగం బానిసత్వమన్నాడు. రోజుకు నాలుగు గంటలు కుదురుగా కూచుని రాయగలవాడికి యజమాని అక్కర్లేదన్నాడు. ఇంట్లో కూచునే ఏ దేశంవాడికైనా రాసిపెట్టవచ్చు. నీ పేరే నీ దుకాణం. పని దొరకలేదంటే లోపం నీ రాతలో లేదు, నిన్ను నువ్వు అమ్ముకోవటంలో ఉంది. ఇదీ ఆయన బోధ. హాలంతా చప్పట్లు. చివర ఆయన నడిపే శిక్షణ తరగతుల కరపత్రం పంచారు, ఫీజు వివరాలతో సహా. రాసి బతకటం అంత సులువైతే తమరు రాయటం నేర్పి ఎందుకు బతుకుతున్నారని ఒక్క కుర్రవాడు కూడా అడగలేదు.

తిరిగి వస్తుంటే అధ్యాపక మిత్రుడొకాయన, మన సంఘంలో పాతకాపు, దారంతా బాధపడ్డాడు. ఆయన బాధ వేరు. "రాతకు వెల కట్టటమేమిటండీ? మనం ఏనాడైనా డబ్బుకోసం రాశామా?" అన్నాడు. పోతన పేరు కూడా ఎత్తాడు. ఆయన డబ్బుకోసం రాయలేదన్నది నిజమే. ఆయనకు కళాశాలవారు ఒకటో తారీఖున జీతం ఇస్తారు. పోతన సంగతి కూడా చూద్దాం. రాజులకు కృతి ఇవ్వననటానికి ఆయనకు భక్తి ఎంత ఆధారమో, దున్నుకునేందుకు పొలం ఉండటం కూడా అంత ఆధారమని మన సంప్రదాయ కథే చెబుతోంది. నాగలి లేని పోతనలు ఎందరు ఏ ఆస్థానాల్లో ఏం రాసి బతికారో ఆ కథ చెప్పదు.

ఈ వక్తా, ఈ అధ్యాపకుడూ ఒకరికొకరు బద్ధవిరోధులమనుకుంటారు. నాకలా తోచదు. వక్త దృష్టిలో రచయిత వ్యాపారి. అధ్యాపకుడి దృష్టిలో రచయిత ఋషి. రచయిత పనివాడనే సంగతి ఇద్దరికీ తట్టలేదు. వ్యాపారికీ ఋషికీ కూలి రేటు ఉండదు, పనిగంటలుండవు, సంఘం ఉండదు. కనక ఈ ఇద్దరి వాదంలో ఎవరు గెలిచినా, రాయించుకునేవాడికి లాభమే.

ముందు మాట సంగతి తేల్చుకుందాం. "ఫ్రీలాన్స్" అనే మాటను మనం "స్వేచ్ఛా రచయిత" అని తెలుగు చేసుకుని మురిసిపోతున్నాం. ఇంగ్లీషులో ఈ మాటకు ప్రచారం కల్పించినవాడు వాల్టర్ స్కాట్. 1819 చివర వెలువడిన "ఐవన్‌హో" నవలలో ఒక కిరాయి దండు నాయకుడు తన మనుషులను గురించి ఈ మాట వాడతాడు. లాన్స్ అంటే బల్లెం. ఏ ప్రభువుకూ కట్టుబడని బల్లెం, ఎవడు సొమ్మిస్తే వాడి తరఫున పొడిచే బల్లెం అన్నమాట. మరి యుద్ధం లేని రోజుల్లో ఆ బల్లెం పట్టినవాడికి తిండి పెట్టే పూచీ కూడా ఏ ప్రభువుకూ లేదు. మన అనువాదంలో మొదటి సగం మిగిలి, రెండో సగం జారిపోయింది. కార్మికుడి స్వేచ్ఛ రెండంచుల స్వేచ్ఛ అని మార్క్సు ఏనాడో విడమరిచి చెప్పాడు. తన శ్రమను ఎవరికైనా అమ్ముకునే స్వేచ్ఛ ఒకటి. అమ్ముకోవటానికి అది తప్ప మరేమీ లేని స్వేచ్ఛ రెండోది.

మార్క్సు పేరు ఎత్తాను కనక ఆయన దగ్గరే కాస్త ఆగుతాను. ఆయన్ను మనం సిద్ధాంతకర్తగా, విప్లవకారుడుగా ఎరుగుదుం. పదేళ్ళపాటు ఆయన ఫ్రీలాన్స్ విలేకరి అనే సంగతి తెలిసీ దానిమీద ఆలోచించం. 1851లో "న్యూయార్కు డైలీ ట్రిబ్యూన్" సంపాదకుడు చార్లెస్ డానా తమ పత్రికకు రాయమని అడిగాడు. లండనులో ప్రవాసిగా ఉన్న మార్క్సుకు అప్పటికి అచ్చుకు పనికివచ్చే ఇంగ్లీషు లేదు. జర్మనీ విప్లవాన్ని గురించిన మొదటి వ్యాసపరంపర ఏంగెల్సు రాశాడు; అచ్చయింది మార్క్సు పేరుతో. తరవాత కొంతకాలం మార్క్సు జర్మన్‌లో రాస్తే ఏంగెల్సు ఇంగ్లీషు చేశాడు. 1853 నాటికి మార్క్సు స్వయంగా ఇంగ్లీషులో రాయసాగాడు. వ్యాసానికి కూలి మొదట ఒక పౌను, తరవాత రెండు పౌన్లు.

మన విద్యార్థి సంఘాలు దశాబ్దాలుగా అధ్యయన తరగతుల్లో చదివించే వ్యాసం, భారతదేశంలో బ్రిటిష్ పాలనను గురించి 1853 జూన్ 25న అచ్చయిన వ్యాసం, రెండు పౌన్లకు మించని కూలికి రాసింది. దానికోసం బ్రిటిష్ మ్యూజియంలో పార్లమెంటు నివేదికలు తిరగేసిన రోజులకు విడిగా కూలి లేదు. అచ్చయిన వ్యాసానికే డబ్బు. అచ్చుకాని వ్యాసానికి శ్రమ పోయిందంతే. బాగున్న వ్యాసాలను పత్రికవారు పేరు తీసేసి తమ సంపాదకీయాలుగా వేసుకునేవారు. మంచిది తమదిగా చెప్పుకుని, నాసిరకానికి నా పేరు పెడుతున్నారని మార్క్సు మొత్తుకున్నాడు. 1857లో ఆర్థిక సంక్షోభం రాగానే వారానికి ఒక్క వ్యాసానికే డబ్బిస్తామన్నారు. అదే సమయంలో డానా ఒక విజ్ఞాన సర్వస్వంలో ఆరోపాలు రాయమని పని ఇప్పించాడు. పేజీకి రెండు డాలర్లు. అందులో యుద్ధ విషయాలన్నీ దాదాపు ఏంగెల్సే రాసిపెట్టాడు. 1862లో ట్రిబ్యూన్‌వారు ఇక చాలన్నారు.

ఈ పదేళ్ళలో ఆ ఇల్లు ఎలా నడిచింది? కోటు తాకట్టులో ఉండి బయటికి వెళ్ళలేని రోజులున్నాయి. 1855లో కొడుకు ఎడ్గార్ పోయాడు. ట్రిబ్యూన్ ఇచ్చే డబ్బుకూ ఇంటి ఖర్చుకూ మధ్య ఉన్న లోటును పూడ్చినవాడు ఏంగెల్సు. ఆ డబ్బు మాంచెస్టరులో ఆయన పనిచేసే నూలుమిల్లు కంపెనీనించి వచ్చింది. అంటే, అమెరికాలో ఒక పత్రిక తన విలేకరికి బతకటానికి సరిపడా కూలి ఇవ్వకపోతే, ఆ తేడాను లాంకషైరు మిల్లు తీర్చింది. కొంచెం ఘాటుగా చెబితే, ఆ మిల్లు ట్రిబ్యూన్ యజమానికి సహాయవేతనం ఇచ్చింది!

మనం గమనించవలసిన అసలు సంగతి ఇక్కడే ఉంది. రాసినదానికి వచ్చే డబ్బు బతకటానికి చాలకపోయినా రాసేవాడు బతికే ఉన్నాడంటే, ఆ లోటును ఎవరో పూడుస్తున్నారన్నమాట. మన కుర్రవాళ్ళకు ఏంగెల్సులు ఎవరు? తండ్రి పింఛను. భార్య స్కూలు జీతం. అక్క కుట్టుపని. "నేను స్వేచ్ఛగా రాసుకుని బతుకుతున్నాను" అనే యువకుడి ఇంట్లో ఆ స్వేచ్ఛకు అద్దె ఎవరు కడుతున్నారో ఒకసారి అడిగి చూడండి. ఆడపిల్లల విషయంలో ఈ మోసం ఇంకా నైస్‌గా సాగుతుంది. ఇంట్లోనే ఉంటూ, పిల్లలను చూసుకుంటూ, తీరిక సమయంలో రాసుకోవచ్చునని ప్రకటనలు వస్తాయి. ఆ తీరిక ఎక్కణ్ణించి వస్తుంది? రాత్రి పదిన్నర దాటాక నిద్రలోంచి వస్తుంది.

మార్క్సు అనుభవంతో నేర్చుకున్నది 1867లో సిద్ధాంతంగా పెట్టాడు. "పెట్టుబడి" మొదటి సంపుటంలో ముక్కకూలి మీద ఒక అధ్యాయం ఉంది. చిన్న అధ్యాయం. నేత మగ్గాలవాళ్ళనూ దర్జీలనూ దృష్టిలో పెట్టుకుని రాసింది. రాతపనివాళ్ళు తమను గురించి రాశాడనుకుని చదువుకోవచ్చు. గంటల లెక్కన కూలి ఇస్తే పనివాడిమీద మేస్త్రీని పెట్టాలి. ముక్క లెక్కన ఇస్తే ఆ మేస్త్రీతనం కూలిలోనే ఇమిడి ఉంటుంది. పనివాడు తనకు తానే మేస్త్రీ. ఎక్కువ సంపాదించాలని తన పనిదినాన్ని తానే పొడిగించుకుంటాడు. అందరూ అలా పొడిగించుకునేసరికి ముక్క రేటు పడిపోతుంది. మధ్యలో దళారీ చేరి, పైవాడి దగ్గర ఒక రేటుకు పుచ్చుకుని కిందివాడికి మరో రేటుకు అప్పగిస్తాడు. ఇవాళ విదేశపు కంపెనీ ఒక నగరంలోని ఏజెన్సీకి పని ఇస్తుంది. ఆ ఏజెన్సీ జిల్లాల్లో ఉన్న పట్టభద్రులకు మాటకింతని పంచుతుంది. మధ్యలో ఎంత మిగిలిందో రాసేవాడికి తెలియదు, చదివేవాడికి అక్కర్లేదు.

మాటకు ఇంత అనేది వినటానికి న్యాయంగా ఉంటుంది. లెక్క వేద్దాం. ఉదాహరణకు మాటకు అర్ధరూపాయి అనుకోండి. వెయ్యి మాటల వ్యాసానికి 500 రూపాయలు. విషయం చదివి అర్థం చేసుకోవటానికి ఒక రోజు. రాయటానికి ఒక రోజు. "కాస్త మార్చి ఇవ్వండి" అని రెండుసార్లు వెనక్కి పంపితే సగం రోజు. పని వెతకటానికీ, చేసిన పనికి డబ్బు ఎప్పుడు పంపుతారని అడగటానికీ మరో సగం రోజు. మూడు రోజులకు 500, అంటే రోజుకు 166 రూపాయలు. ఇందులోంచి కరెంటు, ఫోను, కంప్యూటరు అతనే పెట్టుకోవాలి. ఇదివరకు ఫ్యాక్టరీ యజమాని కనీసం యంత్రం తను కొనేవాడు. చేలో కోతకు వెళ్ళినవాడికి కూలి లెక్క ఆ సాయంత్రమో ఆ వారమో తేలుతుంది. ఇతనికి మూడు నెలలకు తేలితే అదృష్టవంతుడికింద లెక్క.

ఇక నమూనా రచన అనే దోపిడీ ఒకటుంది. పనికి తీసుకునేముందు ఒక వ్యాసం ఉచితంగా రాసి చూపమంటారు. పదిమంది రాస్తారు. ఒకణ్ణి తీసుకుంటారు, ఒక్కొక్కప్పుడు ఎవరినీ తీసుకోరు. పది వ్యాసాలూ వాళ్ళ దగ్గరే ఉంటాయి. వడ్రంగిని పిలిచి, "ముందొక కుర్చీ ఊరికే చేసిపెట్టు, నచ్చితే రెండో కుర్చీకి డబ్బిస్తాం" అంటే వాడు ఏం సమాధానం చెబుతాడో మీకు తెలుసు. డిగ్రీ చదివినవాడు మాత్రం అంగీకరించి, పైగా కృతజ్ఞత తెలుపుతాడు.

ఇది కొత్త కంపెనీలు తెచ్చిన కొత్త రోగమనుకోవద్దు. మన దినపత్రికలు 1980ల చివరనించి జిల్లా సంచికలు వేయటం మొదలుపెట్టాక, మండలానికొక విలేకరి అవసరమయ్యాడు. వాడికి ఉద్యోగం ఇస్తే జీతం, సెలవులు, భవిష్యనిధి ఇవ్వాలి. కనక వాడు ఉద్యోగి కాదన్నారు, "కంట్రిబ్యూటర్" అన్నారు. అచ్చయిన వార్తను కొలిచి డబ్బివ్వటానికి "లైన్ అకౌంట్" అని పేరు. వరదలో మోకాటిలోతు నీళ్ళలో నడిచి వెళ్ళి వార్త తెచ్చినవాడికి, డెస్కులో దాన్ని నాలుగు వాక్యాలకు కుదిస్తే నాలుగు వాక్యాల కూలే. పైగా పండక్కి ప్రకటనలు సేకరించి పెట్టే భారం వాడిదే. ఊరి కంట్రాక్టరు దగ్గర ప్రకటన పుచ్చుకున్నవాడు ఆ కంట్రాక్టరు వేసిన రోడ్డు గురించి ఏం రాస్తాడు? పత్రికా స్వాతంత్ర్యం గురించి ఢిల్లీలో ఉపన్యాసాలిచ్చేవారు ఈ ముక్కకూలి దగ్గరికి వచ్చి చూడరు. 1955 నాటి శ్రామిక పాత్రికేయుల చట్టం జీతాల బోర్డులను ఇచ్చింది కాని, నియామకపత్రమే లేనివాడికి అది ఏనాడూ పూర్తిగా అందలేదు. ఆ చట్టం కూడా 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతులలో కలిసిపోయింది.

ఆ స్మృతులను నేను మెచ్చుకోబోవటం లేదు. అయితే అందులో ఒక అంశం మనవాళ్ళు గమనించాలి. సామాజిక భద్రతా స్మృతి యజమాని-ఉద్యోగి సంబంధానికి బయట పనిచేసేవారిని గిగ్ కార్మికులని పేర్కొన్నది. వారి సంక్షేమానికి తమ రాబడిలో కొంత చెల్లించవలసిన సంస్థల జాబితాలో, టాక్సీలూ తిండి సరఫరాతోపాటు, కంటెంటు, మీడియా సేవలు కూడా ఉన్నాయి. కనీసవేతనానికి అందులో హామీ లేదు. కాని బూర్జువా ప్రభుత్వం సైతం రాతపనివాణ్ణి తిండి పొట్లాలు మోసే కుర్రవాడి పక్కన నిలబెట్టింది. వాడి పక్కన నిలబడటానికి మనవాళ్ళకే నామోషీగా ఉంది.

మన సాహిత్యంలో ఈ నామోషీ ఎప్పటినించో ఉంది. అభ్యుదయ రచయితల సంఘం 1943లో తెనాలిలో పుట్టింది. అదే తెనాలిలో, ఆ రోజుల్లోనే, తమిళదేశంనించి వచ్చిన నటరాజన్ అనే కుర్రవాడు హోటళ్ళలో పనిచేస్తూ తెలుగు నేర్చుకుని, "శారద" పేరుతో కథలూ నవలలూ రాశాడు. "మంచీ చెడూ", "అపస్వరాలు", "ఏది సత్యం" మనకిచ్చాడు. పత్రికలు అచ్చువేశాయి, పాఠకులు చదివారు. ఆయన మాత్రం హోటలు పని మానగలిగే రోజు రాలేదు. 1955లో, ముప్పయి దాటీ దాటకుండానే పోయాడు. ఆయన మిత్రుడు, తనూ హోటలు కార్మికుడే అయిన ఆలూరి భుజంగరావు ఆయన జీవితాన్ని గ్రంథస్థం చేశాడు కనక మనకీమాత్రం తెలుసు. మనం శారదను తలుచుకున్నప్పుడల్లా "బల్లలు తుడుస్తూ ఎంత గొప్పగా రాశాడు!" అని ఆశ్చర్యపడతాం. ఈ ఆశ్చర్యం నాకు గిట్టదు. అంత గొప్పగా రాసేవాడు బల్లలు ఎందుకు తుడవవలసి వచ్చిందని అడిగితే అది విమర్శ అవుతుంది. పేదరికంలో రాశాడని మెచ్చుకుంటే ఆ పేదరికాన్ని మెచ్చుకున్నట్టవుతుంది.

ప్రేమ్‌చంద్‌నే తీసుకోండి. 1936లో లక్నోలో అభ్యుదయ రచయితల మొదటి మహాసభకు అధ్యక్షత వహించినవాడు. అంతకు రెండేళ్ళ ముందు తన పత్రిక అప్పులు తీర్చటానికి బొంబాయి సినిమా కంపెనీలో ఏడాది కంట్రాక్టుకు కథలు రాయటానికి కుదిరాడు, ఇమడలేక వచ్చేశాడు. ఆయన అమ్ముడుపోయాడని ఎవరైనా అంటారా? ఆయన కూలికి కుదిరాడు, అంతే. అమ్ముడుపోవటానికీ కూలికి కుదరటానికీ తేడా తెలియకపోవటమే మన అధ్యాపక మిత్రుడి చిక్కు. ఏం రాయాలో, ఎవరి పక్షాన రాయాలో అనే ప్రశ్న ఒకటి. రాసిన పనికి ఎంత, ఎప్పుడు అనే ప్రశ్న వేరొకటి. రెండోదాన్ని అడిగితే మొదటిదానిలో రాజీపడ్డట్టని ఎవరు చెప్పారు? అనుభవం తలకిందులుగా చెబుతోంది. రెండోది తేల్చుకోలేనివాడే మొదటిదానిలో ముందు లొంగుతాడు. ఇంటి అద్దె బాకీ ఉన్న విలేకరి కంట్రాక్టరు రోడ్డు గురించి రాయడు.

మన భాషలోనే ఉంది చూడండి ఈ కిటుకు. కర్షకుడికి కూలి, గుమాస్తాకు జీతం, అధికారికి వేతనం. రచయితకు? పారితోషికం! పరితోషం అంటే సంతోషం. ప్రభువుకు ఆనందం కలిగితే ఒళ్ళోంచి తీసి ఇచ్చేది. సంభావన అన్నా గౌరవంకొద్దీ ఇచ్చేదే. ఇవి హక్కుగా అడగటానికి వీల్లేని మాటలు. "నా కూలి ఇంకా ఇవ్వలేదు" అనవచ్చు గాని, "మీకు నామీద సంతోషం ఇంకా కలగలేదా?" అని ఎవడడుగుతాడు? సంస్థానాలు పోయాయి, జమీందారీలు రద్దయాయి, వాటి మాటలు మాత్రం పత్రికాఫీసుల్లో జీవించి ఉన్నాయి. ఇక ఆ డబ్బు కూడా లేనిచోట శాలువా. ఒక పెద్ద రచయిత ఇంట్లో బీరువానిండా శాలువాలు చూశాను. ఇంట్లో పనిచేసే ఆవిడకు ఆయన ప్రతి దసరాకూ ఒకటి ఇస్తుంటాడట. ఆవిడ నెల జీతం మాత్రం డబ్బుగానే పుచ్చుకుంటుంది. ఆవిడకున్న స్పష్టత మనకు రావాలి.

చట్టం గురించి మన రచయితలకు తెలిసింది తక్కువ. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రాసినవాడే మొదటి హక్కుదారు. ఉద్యోగంలో ఉంటూ ఆ ఉద్యోగంలో భాగంగా రాస్తే హక్కు యజమానిది కావచ్చు. కాని విడిగా కూలికి రాసినవాడి సాహిత్య రచన, వేరే ఒప్పందం లేనంతవరకు, అతనిదే. హక్కు బదిలీ చెయ్యాలంటే కాగితం ఉండాలి, దానిమీద రాసినవాడి సంతకం ఉండాలి. ఎంతకాలానికో కాగితంలో లేకపోతే అయిదేళ్ళకే. ఎక్కడెక్కడో లేకపోతే భారతదేశానికే. హక్కు అమ్ముకున్న తరవాత కూడా, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు 57వ సెక్షను కింద మిగిలే ఉంటుంది. సినిమాలకు పాటలూ మాటలూ రాసేవారు రాయల్టీలో తమ వాటాను వదులుకుంటున్నట్టు సంతకం పెట్టినా అది చెల్లకుండా 2012లో సవరణ వచ్చింది. ఇవన్నీ ఉన్నాయి. అయినా "సర్వహక్కులూ శాశ్వతంగా, విశ్వవ్యాప్తంగా" అనే కంట్రాక్టులమీద మనవాళ్ళు చదవకుండా సంతకాలు పెడుతున్నారు. విశ్వంలో ఎక్కడ అచ్చువేస్తారో మరి! చదివినా పెట్టక తప్పదంటారు కొందరు. ఒంటరిగా ఉన్నంతవరకు అది నిజమే.

ఒంటరిగా లేనివాళ్ళ కథ ఒకటి చెబుతాను. అమెరికాలో సినిమాలకూ టెలివిజనుకూ రాసేవారిలో నెలజీతాలమీద శాశ్వతంగా ఉన్నవారు అరుదు. ఈ సినిమాకు ఇక్కడ, ఆ ధారావాహికకు అక్కడ. మన వక్త భాషలో అందరూ "స్వేచ్ఛాజీవులే". అయినా వారికొక సంఘముంది. 2023 మే 2న ఆ సంఘం సమ్మె మొదలుపెట్టి 148 రోజులు నడిపింది. కోట్లు గడించేవాడూ, గది అద్దె కట్టలేనివాడూ ఒకే వరసలో అట్టలు పట్టుకుని స్టూడియోల ముందు నడిచారు. వారి కోర్కెలలో యంత్రం సంగతి కూడా ఉంది. రాసే యంత్రాలు వచ్చాయి కనక రచయిత అవసరం తీరిందని స్టూడియోలు లోలోపల లెక్కలు వేసుకుంటున్న రోజులవి. యంత్రాన్ని పగలగొట్టమని సంఘం అనలేదు. యంత్రం ఉత్పత్తి చేసినదాన్ని సాహిత్యంగా లెక్కించి రచయిత పేరునూ కూలినీ తగ్గించకూడదన్నది. వాడితీరాలని రచయితను బలవంతపెట్టకూడదన్నది. ఇవి ఒప్పందంలోకి వచ్చాయి. ప్రతిభతో వచ్చాయా? మార్కెట్టులో తమను తాము బాగా అమ్ముకున్నందువల్ల వచ్చాయా?

మన దగ్గర అదే యంత్రం వచ్చింది. ఏం జరిగింది? రేటు సగానికి కోసి, "యంత్రం రాసింది, మీరు కాస్త సరిచేసి ఇవ్వండి" అంటున్నారు. సరిచెయ్యటం రాయటంకన్నా కష్టమని రాసేవాళ్ళందరికీ తెలుసు. ఎవరికి వారే ఒప్పుకున్నారు. పక్కవాడు ఎంతకు ఒప్పుకున్నాడో ఎవరికీ తెలియదు. తమ రేటు చెప్పుకోవటం మర్యాద కాదని మనకు నేర్పారు గదా!

ఇప్పుడు మన ఇంటి సంగతి. పెట్టుబడిదారీ పత్రికలను తిట్టటం సులభం. అభ్యుదయ పత్రికలు, వామపక్ష ప్రచురణాలయాలు, సంఘాల సంచికలు రచయితలకు ఏమిస్తున్నాయి? చాలాచోట్ల ఏమీ లేదు, రెండు ప్రతులు. కాగితంవాడికి డబ్బిస్తాం. అచ్చువాడికి ఇస్తాం. పోస్టాఫీసుకు ఇస్తాం. వీరిలో ఎవరినీ ఉద్యమంకోసం ఊరికే చెయ్యమని అడగం, అడిగినా చెయ్యరు. రాసినవాడినీ, అనువదించినవాడినీ, ప్రూఫులు దిద్దినవాడినీ మాత్రం అడుగుతాం. కారణం డబ్బు లేకపోవటమని అంటారు. నిజంగా లేకపోతే లేదని ముందే చెప్పటం ఒక పద్ధతి. అందరికీ లేకపోతే ఎవరికీ లేదు అనుకుని, అందరూ కలిసి స్వచ్ఛందంగా చేసే పని పవిత్రమైనదే, దాన్ని నేను ఆక్షేపించను. నేను ఇలాంటి పని ఏళ్ళతరబడి చేశాను. కాని ఒక అనువాదకురాలిచేత 300 పేజీల పుస్తకం చేయించుకుని, అచ్చువేసి, అమ్మి, రెండో ముద్రణ కూడా వేసి, ఆవిడ అడిగితే "కామ్రేడ్, మీరు కూడా డబ్బు మాట్లాడతారా?" అన్న ప్రచురణకర్తను నేనెరుగుదును. ఆ ప్రశ్నను ఏ జిన్నింగు మిల్లు యజమానైనా కూలివాడిమీద వెయ్యటానికి సిగ్గుపడతాడు.

ఇంకొకటి చెప్పాలి, ఇది కొందరికి కష్టంగా ఉండవచ్చు. ఈ పత్రిక చదివేవారిలో అధ్యాపకులు ఎక్కువ. వారు ఊరికే రాసి ఇస్తారు. పదోన్నతికి అచ్చయిన వ్యాసాలు అవసరం కనక కొన్నిచోట్ల ఎదురు డబ్బిచ్చి మరీ అచ్చువేయించుకుంటారు. వారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని జీతగాడు ఊరికే చేసే పనికి, ఆ పనిమీద బతికేవాడు కూలి అడగలేడు. సంపాదకుడికి చేతిలో పది ఉచిత వ్యాసాలుండగా పదకొండోదానికి డబ్బెందుకిస్తాడు? ఇది సమ్మె రోజున తెలియక లోపలికి నడిచిన పనివాడి పాపంలాంటిది. అధ్యాపకులు రాయవద్దని నేననను. రాయండి. కూలి పుచ్చుకోండి. అక్కర్లేకపోతే సంఘం నిధికి ఇవ్వండి. కాని రేటు సున్నా అని మాత్రం స్థిరపరచకండి.

రాయించుకునేవారు ఏం చెయ్యాలో చెప్పటానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. ఎన్ని మాటలు, ఏ తేదీకి, ఎంత డబ్బు, ఆ డబ్బు ఏ తేదీకి అన్నది ఒక ఉత్తరంలో ముందే రాసి ఇవ్వాలి. తిరగరాయటం ఎన్నిసార్లో చెప్పాలి. అది దాటితే విడిగా ఇవ్వాలి. రాయమని అడిగి, రాశాక వేసుకోకపోతే కనీసం సగం ఇవ్వాలి, ఎందుకంటే రాసినవాడి మూడు రోజులు అచ్చు కాలేదని వెనక్కి రావు. నమూనా కావాలంటే దానికీ కూలి. పేరు పెట్టాలి. ఇది పొరుగు పత్రికలు చేసేదాకా మనం ఆగనక్కర్లేదు.

రాసి బతకాలనే కుర్రవాళ్ళకు నేను చెప్పగలిగింది ఆ వక్త చెప్పినంత ఉత్సాహంగా ఉండదు. చేతిలో ఉన్న జీతం, అది ఎంత చిన్నదైనా, మొదటి చెక్కు చూసి వదులుకోవద్దు. ఒక్క యజమానిమీద ఆధారపడవద్దు. ఆ ఒక్కడు మానేస్తే ఏమవుతుందో ట్రిబ్యూన్ కథలో చూశాం. అనువాదం గాని, లెక్కలు తెలిసి రాయటం గాని, వైద్యమో చట్టమో అర్థం చేసుకుని తేట తెలుగులో చెప్పటం గాని, ఏదో ఒక పని పదిమందికంటె బాగా నేర్చుకోండి. అందులో బేరమాడే బలం కొంత ఉంటుంది. కొంతే. మిగతా బలం పక్కవాడి రేటు తెలుసుకోవటంలో ఉంది. మీ ఊళ్ళో రాతకూలి చేసేవారు అయిదుగురున్నా నెలకొకసారి కూచుని, ఎవరు ఎంత ఇచ్చారు, ఎవరు ఎగ్గొట్టారు అని ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఎగ్గొట్టినవాడికి అయిదుగురూ రాయటం మానండి. ఇందుకు పెద్ద మహాసభ అక్కర్లేదు. తీర్మానాలు మనకు కావలసినన్ని ఉన్నాయి.

ఈ పత్రిక సంపాదకుడు నన్ను ఈ వ్యాసం రాయమని అడిగినప్పుడు, ఎంత ఇస్తారో చెప్పలేదు. నేనూ మొహమాటంకొద్దీ అడగలేదు. ఇప్పుడు పాఠకులందరి ఎదుటా అడుగుతున్నాను. వచ్చే సంచికలో, ఈ సంచికకు రాసిన ప్రతివారికీ ఎంత ఇచ్చారో, ఇవ్వలేకపోతే కాగితానికీ అచ్చుకూ ఎంత ఇచ్చారో, ఒక పేజీలో లెక్క వెయ్యాలని నా కోరిక. అది అచ్చయ్యేదాకా నా రెండో వ్యాసం నా దగ్గరే ఉంటుంది.